ఆగినట్టు కనిపించిన ఫ్యాను

మస్కట్‌లో దిగేనాటికి నాకు ఇరవై ఏడేళ్ళు. జగిత్యాలలో ఒక షెడ్డులో ఎనిమిదేళ్ళు లారీలూ జీపులూ బాగుచేసి వెళ్ళాను. డెబ్బైల నడుమ సంగతి. మొదటి ఏడాది అక్కడి హమ్రియా పేటలో ఒకే రూమ్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం. పగలంతా కంపెనీ సైట్లలో కాంక్రీటు మిక్సర్లతో కుస్తీ పట్టేవాణ్ణి. మస్కట్‌కు దూరంగా తీరం మీద సహం అనే ఊళ్ళో ఒక గ్యారేజీకి పెట్రోలు బండ్లు తెలిసిన మెకానిక్ కావాలని విని అక్కడికి మారాను.

గ్యారేజీ మస్కట్ పోయే తారు రోడ్డు మీదే ఉండేది. మూడు పక్కల గోడలు, పైన రేకులు, ముందు ఇనుప షట్టర్. వెనక ఖర్జూరపు తోటలు, అవి దాటితే సముద్రం. అక్కడ పెద్ద మెకానిక్ మన తెలుగాయనే. తెనాలి వైపు క్రైస్తవుడు, యాభైకి దగ్గర పడుతున్నాడు. భార్య అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమెకు ముందు ఉద్యోగం వచ్చి వెళ్తే, ఏడాది తర్వాత ఈయన వెళ్ళాడు. వాళ్ళకు పిల్లలు లేరు. గ్యారేజీలో అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్ళు. నేను మాత్రం మేస్త్రీ అనేవాణ్ణి, ఆమెను వదినా అనేవాణ్ణి. శుక్రవారం సెలవు. ఆ రోజు వాళ్ళింట్లోనే నా భోజనం.

ఆ రోజుల్లో కువైట్‌లో, బహ్రెయిన్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఒమానీలు సొంత దేశానికి తిరిగొస్తున్నారు. కొందరు వస్తూ వస్తూ అమెరికా కార్లు తెచ్చుకునేవాళ్ళు. రెండే తలుపులు, పొడవాటి ముందు భాగం, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. తీరం వెంబడి తిన్నగా సాగే ఆ రోడ్డు మీద అవి పోతుంటే గ్యారేజీ రేకులు అదిరేవి. ఆ కార్లన్నీ మా దగ్గరికే వచ్చేవి, మేస్త్రి కోసం.

పెట్రోలు ఇంజిన్‌లో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో నిర్ణయించేది డిస్ట్రిబ్యూటర్. రవ్వ ఆలస్యంగా పడితే బండి నీరసంగా లాగుతుంది, వేడెక్కుతుంది. మరీ ముందుగా పడితే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దానికి ఎదురు తగులుతుంది. అప్పుడు రేకు డబ్బాలో శనగలు ఆడించినట్టు సన్నటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడును పట్టించుకోకుండా నడిపితే ఏదో ఒకరోజు పిస్టన్‌కు బొక్క పడుతుంది. మేస్త్రి ఇంజిన్ నడుస్తుండగా డిస్ట్రిబ్యూటర్ మీద కుడిచేయి వేసి, కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. వెంట్రుకవాసి తిప్పేవాడు, ఆగేవాడు, మళ్ళీ తిప్పేవాడు. తర్వాత రోడ్డు మీదికి తీసుకుపోయి తొక్కి చూసేవాడు. ఆ చప్పుడు వినీవినపడనట్టు వచ్చిన చోటు నుంచి ఒక్క పిసరు వెనక్కి తిప్పి బిగించేవాడు. అంతే, ఆ బండి మళ్ళీ ఆ పని మీద వచ్చేది కాదు.

నేను చేరిన రెండో ఏడాది, ఆయన బాగుచేసి పంపిన బండ్లు తిరిగి రావడం మొదలైంది. మొదటిది వచ్చినప్పుడు మేస్త్రి పెట్రోలు బాగాలేదన్నాడు. ఆ మాటలో కొంత నిజం కూడా ఉంది. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మూడోది. మూడింటిలోనూ అదే శనగల చప్పుడు. మేస్త్రితో పాటు బండిలో కూర్చుని పోయాను. చప్పుడు నాకు స్పష్టంగా వినపడుతోంది. ఆయన స్టీరింగ్ పట్టుకుని, ఏమీ లేదే, బాగానే ఉందే అంటున్నాడు.

అప్పటి నుంచి ఆయన్ను గమనించడం మొదలుపెట్టాను. ఇంజిన్‌కు స్క్రూడ్రైవర్ మొన ఆనించి పిడిని చెవికి పెట్టుకుని వినడం మెకానిక్‌లందరూ చేసే పనే. మేస్త్రి ఇప్పుడు ఆ పిడిని, అదురు తెలిసేందుకు, పళ్ళ మధ్య కరిచి పట్టుకుంటున్నాడు. వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదు. ఎవరేం చెప్పినా మెల్లగా, మర్యాదగా, రెండుసార్లు తల ఊపుతున్నాడు. కొన్నాళ్ళకు ఆ తల ఊపడం నాకు అర్థమైంది. విన్న మాటకైతే ఆయన ఏదో ఒక జవాబు ఇచ్చేవాడు. వినపడని మాటకే తల ఊపేవాడు.

ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు నేనే ఆ బండ్ల డిస్ట్రిబ్యూటర్లు కాస్త వెనక్కి తిప్పి బిగించేవాణ్ణి. ఆయనకు చెప్పేవాణ్ణి కాదు.

ఒక శుక్రవారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు వదిన నా ముందు కూర్చుంది. "మీ అన్నయ్యకి చెవులు సరిగ్గా వినపడట్లేదు తమ్ముడూ," అంది. "ఒప్పుకోడు. డాక్టరుకి చూపిద్దామంటే ఆ మాట ఆ నోటా ఈ నోటా అర్బాబ్ దాకా పోతుందని భయం. నువ్వు పక్కనే ఉంటావుగా, కాస్త కనిపెట్టుకుని ఉండు."

అర్బాబ్ అంటే మా గ్యారేజీ యజమాని. మంచివాడే. కానీ చెవిటి మెకానిక్‌ను ఎన్నాళ్ళు ఉంచుకుంటాడో ఎవరం చెప్పగలం? సరే వదినా, నేను చూసుకుంటానన్నాను.

ఆ నెలలో సామాన్ల కోసం మస్కట్ వెళ్ళినప్పుడు ఒక స్పేర్ పార్ట్స్ దుకాణంలో టైమింగ్ లైటు కనిపించింది. చూడటానికి పిస్తోలు లాగా ఉంటుంది. దాని తీగ మొదటి సిలిండర్ ప్లగ్గుకు తగిలిస్తే, అక్కడ నిప్పు పడినప్పుడల్లా లైటు తటాలున వెలిగి ఆరిపోతుంది. ఆ వెలుగును ఇంజిన్ ముందు తిరిగే చక్రం మీద పడేలా పట్టుకుంటే, చక్రం మీది గీత ఒకే చోట నిలబడ్డట్టు కనపడుతుంది. గీత ఎక్కడ నిలబడిందో చూసి డిస్ట్రిబ్యూటర్ తిప్పుకోవడమే. చెవితో పని లేదు. మారు ఆలోచించకుండా కొన్నాను.

సహం వచ్చి, కొత్త వస్తువు కదా, చూద్దామని తెచ్చినట్టుగా ఆయన చేతిలో పెట్టాను. మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవులున్నవాడికి ఇదెందుకురా అన్నాడు.  మళ్ళీ తనే, ఎట్లా పనిచేస్తుందో చెప్పమన్నాడు. ఎందుకు తెచ్చానో ఆయనకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

లైటు వచ్చిన డబ్బాలో ఇంగ్లీషు కాగితం ఒకటి ఉంది. పదో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివాను. ఆ వెలుగులో తిరిగే ఫ్యాను ఆగినట్టు కనపడుతుంది, చేతులు దూరంగా ఉంచాలి అని లావుపాటి అక్షరాల్లో రాసి ఉంది.

ఆ వారమే ఆకుపచ్చ కారు వచ్చింది. దాని యజమాని కువైట్‌లో పదేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చిన ఒమానీ. ఉర్దూ బాగా మాట్లాడేవాడు. వేగం అందుకోగానే ఇంజిన్ చిటచిటలాడుతోందని, మస్కట్ చేరేలోపు రెండుసార్లు నీళ్ళు మరుగుతున్నాయని చెప్పి కారు వదిలి వెళ్ళాడు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా అందరూ భోజనాలకూ నిద్రలకూ పోయేవాళ్ళు. మేస్త్రి నన్ను మాత్రం ఉండమన్నాడు. లైటు వాడటం నేర్చుకుంటూ ఇంకొకరి కళ్ళ పడటం ఆయనకు ఇష్టం లేదు. ఎండ వెలుగులో గీత కనపడదని షట్టర్ సగానికి పైగా దించాం. లోపల రేకుల వేడి, పెట్రోలు వాసన. ముందు డిస్ట్రిబ్యూటర్ టోపీ తీసి లోపల చూద్దామన్నాడు మేస్త్రి. నేను తీగలు తగిలించేశాను. "లైటు పెడితే అంతా అదే చెప్తది మేస్త్రీ," అన్నాను. ఆ లైటు నేను తెచ్చింది. దాని గొప్ప చూపించాలని నా తొందర.

ఇంజిన్ స్టార్ట్ చేశాం. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ మూసిన షెడ్డులో ఎంత మోత పెడుతుందో చెప్పలేను. ఆ కారులో డిస్ట్రిబ్యూటర్ ముందు వైపే, ఫ్యానుకు జానెడు దూరంలో ఉంటుంది. మేస్త్రి ఎడమచేత్తో లైటు పట్టుకుని కుడిచేయి డిస్ట్రిబ్యూటర్ మీద వేశాడు. నేను ఆయన పక్కకు వంగి, ఫ్యాను ఆగినట్టు కనపడతది, చెయ్యి పైలమని చెప్పాను. ఆయన నా వైపు చూసి, మెల్లగా, మర్యాదగా, రెండుసార్లు తల ఊపాడు.

ఆ మాట ఆయనకు వినపడలేదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఇంజిన్ ఆపి మళ్ళీ చెప్పాలనుకున్నాను. కానీ అలా ఆపితే, ఆయనకు వినపడలేదని నేను గ్రహించినట్టు ఆయనకు తెలిసిపోతుంది. ఆయన్ను చిన్నబుచ్చడం నాకిష్టం లేకపోయింది. ముప్పై ఏళ్ళ నుంచి ఇంజిన్ల మీద చెయ్యి వేస్తున్న మనిషి, ఫ్యాను సంగతి ఆయనకు నేను చెప్పాలా అని కూడా అనుకున్నాను. వెళ్ళి సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ మీద కాలు పెట్టాను.

బానెట్ కింది సందులోంచి తెల్లటి వెలుగు టపటపా కొట్టుకోవడం కనపడుతోంది. కొంచెం తొక్కాను. మేస్త్రి కుడి భుజం ముందుకు వంగింది. తర్వాత ఒక చప్పుడు వినపడింది. ఎండు కర్ర విరిగినట్టు, ఒకటే. లైటు కింద పడింది. తాళంచెవి తిప్పి ఇంజిన్ ఆపి పరుగెత్తాను.

మేస్త్రి నిలబడే ఉన్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పొట్టకు అదుముకున్నాడు. చొక్కా అంతా నెత్తురు. ముఖంలో నొప్పి కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"ఆగే ఉందిరా," అన్నాడు. "రెండు రెక్కల మధ్య సందు కనపడింది. నేను చూశాను. ఆగే ఉంది."

రోడ్డు మీద పోతున్న పికప్ ఆపి ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయాను. అప్పుడు వదిన డ్యూటీలోనే ఉంది. మమ్మల్ని చూసి ఆమె కేకలు పెట్టలేదు. ఏ చెయ్యి అని అడిగింది. కుడి అన్నాను. ఆ మాటకు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది, తర్వాత ఆయన్ను పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది. డాక్టరు కుట్లు వేస్తున్నంత సేపూ ఆ మణికట్టు ఆమే పట్టుకుని ఉందట. చూపుడువేలు, నడిమివేలు మొదలంటా పోయాయి. ఉంగరం వేలు ఉంది కానీ మళ్ళీ తిన్నగా చాపలేకపోయాడు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఏం జరిగిందో వదినకు మొదటి నుంచీ చెప్పాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది. "ఫ్యాను సంగతి ఆయనకి చెప్పావా?"

"చెప్పిన వదినా. తల ఊపిండు."

ఆమె ఇంకేమీ అడగలేదు. మర్నాడు అర్బాబ్ అదే అడిగాడు, కారు యజమాని అదే అడిగాడు. అందరికీ అదే జవాబు ఇచ్చాను. అందులో అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా నోటికి వచ్చేది.

పది రోజులు ఆకుపచ్చ కారు అలాగే ఉంది. తర్వాత నేనే ఫ్యాను రెక్కలు కడిగి పని మొదలుపెట్టాను. మేస్త్రి ఆ రోజు అన్నట్టు ముందు డిస్ట్రిబ్యూటర్ టోపీ తీశాను, కింద పలక విప్పాను. అక్కడ రెండు చిన్న బరువులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి విచ్చుకుని నిప్పురవ్వను ముందుకు జరుపుతాయి. ఒక్కసారిగా విచ్చుకోకుండా వాటిని రెండు స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. అందులో ఒక స్ప్రింగు తెగిపోయి ఉంది. నా చిటికెనవేలి గోరంత కూడా లేదు. పాత డిస్ట్రిబ్యూటర్‌లోంచి ఇంకొకటి తీసి తగిలించి, చెవితోనే టైమింగ్ పెట్టాను. కారు యజమానిని కూర్చోబెట్టుకుని రోడ్డు మీద చాలా దూరం తొక్కి చూశాను. ఏ చప్పుడూ లేదు. ఆయన తిరిగి వస్తూ ఆసుపత్రి ముందు ఆపమన్నాడు. సంచీ నిండా నారింజలు తీసుకుని లోపలికి పోయి, మేస్త్రి మంచం పక్కన కూర్చుని ఒక పండు ఒలిచి ఆయన ఎడమచేతిలో పెట్టాడు.

ఇంటికి పంపించాక మొదటి శుక్రవారం, భోజనాల దగ్గర మేస్త్రి నన్ను అడిగాడు, ఆ బండికి ఏమైందిరా అని. ఆయనకు కనపడేట్టు ముఖం ఎదురుగా పెట్టి, గట్టిగా చెప్పాను. స్ప్రింగు తెగిందన్నాను. ఆయన కట్టు కట్టిన చేతి వైపు చూసుకున్నాడు.

"విప్పి చూస్తే సరిపోయేది," అన్నాడు.

తర్వాత, మంచి పని చేశావురా, ఆ కారు యజమాని సంతోషపడి ఉంటాడు అన్నాడు. 

రెండు నెలల తర్వాత గ్యారేజీకి వచ్చాడు. ఎడమచేత్తో పని నేర్చుకుంటానన్నాడు. ఇంట్లో ఎడమచేత్తో చేపలు కోస్తున్నాడని వదిన చెప్పింది. ఒక బండికి డిస్ట్రిబ్యూటర్‌లో నిప్పు పుట్టించే పాయింట్ల సందు సరిచేయబోయాడు. కాగితంలాంటి రేకు ఒకటి ఆ సందులో దూర్చి కొలవాలి. అది జారి ఇంజిన్ మధ్యలో పడింది. తీసి ఇచ్చాను. మళ్ళీ పడింది. మళ్ళీ తీసి ఇచ్చాను. మూడోసారి పడ్డాక ఉండనీయరా అని పక్కకు జరిగాడు. అర్బాబ్ ఆయన కోసం షట్టర్ దగ్గర కుర్చీ వేయించాడు. కూర్చుని మాకు పని చెప్తే చాలన్నాడు. మూడు వారాలు ఆ కుర్చీలో కూర్చున్నాడు. లోపల మా సుత్తుల చప్పుళ్ళకు కూడా తల తిప్పేవాడు కాదు, రోడ్డు వైపు చూస్తూ ఉండేవాడు. నాలుగో వారం రాలేదు. రమ్మని పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ తల ఊపడం నా లోపల అలాగే ఉండిపోయింది. భోజనానికి కూర్చున్నా, ఇంకో ఇంజిన్ మీద వంగినా అదే కనపడేది. ఎవరికైనా చెప్పకపోతే బతకలేనేమో అనిపించింది. ఒక సాయంత్రం వదిన డ్యూటీ దిగే వేళకు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె తెల్లచీర మీద ఊలు కోటు వేసుకుని వచ్చింది. చలికాలం మొదలైంది. నడుస్తూ చెప్పాను.

"ఆరోజు అన్నకు వినపడలే వదినా. వినపడలేదని నాకు తెలుసు. తెలిసి కూడా పోయి సీట్ల కూసున్న."

ఆమె ఆగింది. నా వైపు చూడలేదు.

"ఆ తల ఊపడం నాకు తెలీదా," అంది. "ఇంట్లో రోజూ చూసేదాన్నేగా. నువ్వు ఊపాడన్నప్పుడే అనుమానం వచ్చింది. అడగలేదు." కోటు దగ్గరికి లాక్కుని మళ్ళీ అంది. "నువ్వీ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది. ఎవరి తప్పూ లేదనుకుని ఇన్నాళ్ళూ ఆ చెయ్యి కడుగుతున్నాను. ఇక కడిగినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. ఆయనకి మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను. చెప్పలేదు. తర్వాత కూడా శుక్రవారాలు వెళ్తూనే ఉన్నాను. ఆమె ఎప్పటిలాగే వడ్డించేది, ఇంకొంచెం వేసుకోమనేది. తమ్ముడూ అని పిలవడం మాత్రం మానేసింది. బాబూ అనేది. మేస్త్రి ఆ తేడా గమనించాడో లేదో, అసలు ఆయనకు అది వినపడిందో లేదో తెలియదు.

ఆమె కాంట్రాక్టు అయిపోగానే ఇద్దరూ వెళ్ళిపోయారు. ఇంకో రెండేళ్ళు ఉండమని ఆసుపత్రి వాళ్ళు అడిగితే వద్దందట. మస్కట్ టాక్సీలో సామాన్లు పెట్టింది నేనే. మేస్త్రి ఎడమచేత్తో నా భుజం పట్టుకుని, ఆ లైటు పారెయ్యకు, మంచి వస్తువు, నేనే చూసుకోలేదు అన్నాడు. నేనే చూసుకోలేదన్న మాట రెండుసార్లు అన్నాడు. నేను వంగి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఇదేంట్రా, మాలో కాళ్ళకి మొక్కం అని లేపాడు. వదిన అప్పటికే టాక్సీ ఎక్కి అటు పక్కకు చూస్తూ కూర్చుంది.

ఆరు నెలలకు ఆమె ఉత్తరం ఒకటి వచ్చింది. ఒక పేజీ కూడా నిండలేదు. మీ అన్నయ్య తెనాలిలో మా తమ్ముడి బియ్యం కొట్లో కూర్చుంటున్నాడు, మాటలు బాగా తగ్గాయి, నీ గురించి అడుగుతుంటాడు అని రాసింది. జవాబు రాశాను. మళ్ళీ ఉత్తరం రాలేదు. నేనూ మళ్ళీ రాయలేదు.

ఇంకా కొన్నేళ్ళు సహంలోనే పనిచేశాను. ఆ కార్లు ఒక్కొక్కటే మూలన పడ్డాయి. వాటి చోట జపాన్ పికప్‌లు వచ్చాయి. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు బంధువుల పని మీద మద్రాసు వెళ్ళి, రైల్లో వరంగల్ వైపు తిరిగి వస్తున్నాను. పొద్దున ఎనిమిది దాటాక బండి తెనాలిలో ఆగింది. సంచీ చేతికి తీసుకుని తలుపు దగ్గరికి వచ్చాను. బియ్యం కొట్టు ఏ బజార్లో ఉందో తెలియదు గానీ, జవాబు రాసినప్పటి ఇంటి చిరునామా నాకింకా గుర్తే. ప్లాట్‌ఫారం మీద ఒకాయన, దిగుతారా, దారివ్వండి అన్నాడు. పక్కకు జరిగి ఆయన్ను ఎక్కనిచ్చాను. బండి కదిలింది. ఊరు దాటి వరిపొలాలు వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. తర్వాత వెళ్ళి నా చోట్లో కూర్చున్నాను.